పరీక్ష తప్పిన రోజు
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఉర్దూలో మాట్లాడగలరా అని అడిగారు. నా ఉర్దూ సుల్తాన్ బజార్లో చీరల బేరానికి సరిపోతుంది కానీ ఈ విషయానికి చాలదు. అందుకని తెలుగులోనే చెబుతాను. ఈ హాల్లో ఉన్నవారిలో కొందరు నా దగ్గర తెలుగు వాచకం చదివినవాళ్లే కాబట్టి అర్థం కాలేదనే సాకు వాళ్లకు లేదు.

పిల్లల మానసిక ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. ఆ మాట వినగానే మనకు ఎర్రగడ్డ గుర్తుకొస్తుంది. ఈ ఊళ్లో ఎవరినైనా తిట్టాలంటే ఎర్రగడ్డకు పంపాలి అంటాం. నేనూ క్లాసులో అన్నదాన్నే. నేను ఈ రోజు మాట్లాడబోయేది అక్కడిదాకా వెళ్లవలసివచ్చిన పిల్లల గురించి కాదు. అంతకు చాలా ముందు, ఇంట్లోనూ బడిలోనూ బస్తీలోనూ మనం పట్టుకోగలిగిన దశ గురించి.

ఇక్కడినుంచి ఆటోలో పది నిమిషాలు వెళ్తే నాంపల్లిలో ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం వస్తుంది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాతి రోజుల్లో ఆ గేటు ముందు తల్లిదండ్రులు బారులు తీరారు. మూడు లక్షల మందికి పైగా పిల్లలు ఫెయిలయ్యారు. మార్కుల నమోదులో తప్పులున్నాయని గొడవ మొదలైంది. పరీక్షకు వెళ్లిన పిల్లలకు గైర్హాజరు అని పడింది. మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు రెండో ఏడాది తప్పారు. తెలుగు పేపర్లో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 అని తేలింది. తెలుగు పంతులమ్మగా ఆ వార్త చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ చూడాలంది. చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

కానీ ఆ లెక్క తేలేలోపే, పత్రికల్లో వచ్చిన ప్రకారం, ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఏ పిల్లవాడూ ఒక్క కారణంతో ఆ పని చేయడు. పరీక్ష పోవడం అనేది చివర పడిన బరువు. దానికి ముందు ఇంట్లో అప్పులు, నెలల తరబడి నిద్రలేమి, ఎవరికీ చెప్పుకోలేని అవమానం, కొందరికి ఎవరూ గుర్తించని డిప్రెషన్ ఉంటాయి. అందుకే అదే రోజు ఫెయిలైన మిగతా లక్షల మంది ఏడ్చి, అన్నం మానేసి, నాలుగు రోజులకు సప్లిమెంటరీ ఫీజు కట్టారు. ఈ తేడా ఎక్కడ వచ్చిందన్నదే మనకు కావలసిన విషయం. బోర్డు తప్పు బోర్డుది, దాన్ని నేను తేలిక చేయను. కానీ బోర్డు తప్పు చేయని ఏడాదుల్లోనూ పిల్లలు పోతూనే ఉన్నారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలో 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది.

బెంగళూరు నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు అన్నమాట. నా సర్వీసంతా క్లాసుకు ముగ్గురు చొప్పున లెక్కేస్తే ఎంతమంది అవుతారో నేను లెక్కవేయదలచుకోలేదు. వాళ్లలో ఒకడి గురించి మాత్రం చెబుతాను.

తొమ్మిదో తరగతి. వెనక బెంచీ. తలవాల్చి నిద్రపోయేవాడు. సాయంత్రాలు ఒక బట్టల కొట్లో పనిచేస్తాడని తెలుసు కాబట్టి మొదట్లో వదిలేశాను. తర్వాత హోంవర్కు మానేశాడు, స్నేహితులతో మాటలు మానేశాడు. చివరికి క్రికెట్ కూడా మానేశాడు. నేనేం చేశాను? అందరి ముందూ నిలబెట్టి, చదువుకోవడానికి వచ్చావా, పడుకోవడానికి వచ్చావా అన్నాను. క్లాసంతా నవ్వింది. మర్నాటినుంచి రాలేదు. పదిహేను రోజులకు వాళ్ల అమ్మను వెతుక్కుంటూ వెళ్తే, నజర్ తగిలింది టీచర్, తావీజు కట్టించాం అంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, జీతం ఆగి ఏడు నెలలు. ఆ ఇంట్లో అప్పువాళ్లకు జవాబు చెప్పేది పధ్నాలుగేళ్ల ఈ పిల్లవాడు. కొట్లో పని ముగిశాక కూడా ఇంటికి వెళ్లబుద్ధి కాక కోఠీ బస్టాండు దగ్గర కూర్చునేవాడట. నాకు బద్ధకంలా కనిపించింది రోగం. ఆ తల్లికి నజర్‌లా కనిపించింది. ఇద్దరమూ ఒక్కలాగే తప్పాం. ఆమెకైతే వాడి మీద కోపం లేదు, నాకు ఉంది.

మా స్కూల్లో ఉర్దూ చెప్పే మౌల్వీసాబ్ ఉండేవారు. ఈ సంగతి ఆయనతో చెప్పుకుంటే, ఈ మధ్య పిల్లలకు ఈమాన్ తక్కువైందని అంటారనుకున్నాను. ఆయన అలా అనలేదు. హజ్రత్ యాకూబ్ అలైహిస్సలాం కొడుకు దూరమైన దుఃఖంతో కళ్లు తెల్లబడేదాకా ఏడ్చారు, ఆయన నబీ, ఆయన్ని ఈమాన్ తక్కువవాడని ఎవరైనా అనగలరా అన్నారు. బీబీ ఖదీజా, అబూ తాలిబ్ పోయిన ఏడాదిని దుఃఖ సంవత్సరమనే ముస్లింల చరిత్ర పిలుస్తుందని కూడా ఆయనే చెప్పారు. నాకు తెలియని విషయాలు. మరో రోజు లైబ్రరీలో చదివి వచ్చి, పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరానికీ మనసుకూ విడివిడిగా వైద్యం గురించి ఒకే పుస్తకంలో రాశాడని చెప్పారు. బట్టలకొట్టు పిల్లవాడి ఇంటికి నాతోపాటు వచ్చిందీ ఆయనే. తావీజు విప్పమనలేదు. దువా చేద్దాం, డాక్టర్ దగ్గరికీ వెళ్దాం అన్నారు. ఆ తల్లి నా మాట వినేది కాదు, ఆయన మాట విన్నది. శుక్రవారం ఖుత్బాలో ఏడాదికి రెండుసార్లు, ఫలితాల వారానికి ముందు ఒకటి తప్పనిసరిగా, ఇమాంసాబ్‌లు ఈ ఒక్క మాట చెబితే నేను వంద బళ్లలో ఉపన్యాసాలిచ్చినా రాని ఫలితం వస్తుంది.

ఇప్పుడు దాతలు అడగవలసిన ప్రశ్నకు వస్తాను. డబ్బు ఎక్కడ పెట్టాలి? ఏది పనిచేస్తుంది, ఏది చేయదు?

బీహార్‌లో నలందా జిల్లాలో గోవాకు చెందిన సంగత్ అనే సంస్థ ఒక ప్రయోగం చేసింది. పేరు సెహెర్. మీ అందరికీ తెలిసిన మాటే, సహరీలో ఉన్న సహర్. డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో బయటినుంచి ఒక మనిషిని పెట్టారు. సైకాలజీ డిగ్రీ లేదు, శిక్షణ మాత్రం ఇచ్చారు. రెండో భాగంలో అదే పని ఆ బడి టీచర్‌కే అప్పజెప్పారు. మూడో భాగంలో మామూలు జీవన నైపుణ్యాల పాఠాలు తప్ప అదనంగా ఏమీ లేదు. చేయించిన పనులు కూడా పెద్దవేమీ కావు. ప్రార్థన సమయంలో ఒక విషయం మీద మాట్లాడటం, పిల్లలు పేరు రాయకుండా కూడా బాధలు రాసి వేసుకునే పెట్టె, నెలకో గోడ పత్రిక, పిల్లల బృందాలు, అవసరమైన పిల్లవాడితో విడిగా కూర్చుని మాట్లాడటం. ఫలితాలు 2018 చివర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. బయటి మనిషి ఉన్న బళ్లలో వాతావరణం బాగుపడింది, దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించడం తగ్గింది. టీచర్లకు అప్పజెప్పిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

టీచర్‌ని కాబట్టి ఈ ఫలితం నాకు మింగుడు పడలేదు. కానీ ఆలోచిస్తే నిజమే. మార్కులు వేసేదాన్ని నేను, హాజరు వేసేదాన్ని నేను, ఇంటికి కబురు పంపేదాన్ని నేను. పిల్లవాడు తన మనసులో మాట నాకెందుకు చెబుతాడు? పైగా జనగణన, ఎన్నికలు, మధ్యాహ్న భోజనం లెక్కల మధ్య ఇదీ ఒక రిజిస్టరై పోతుంది.

యూరప్‌లో పది దేశాల్లో 168 బళ్లు, పదకొండు వేల మంది పిల్లలతో ఇలాంటిదే ఇంకోటి జరిగింది. 2015లో వచ్చింది. ఒకచోట టీచర్లకు ప్రమాద సూచనలు గుర్తించడం నేర్పారు. ఒకచోట డాక్టర్లు పిల్లలకు ప్రశ్నపత్రాలిచ్చి జల్లెడ పట్టారు. ఒకచోట నాలుగు వారాల్లో ఐదు గంటలపాటు పిల్లల చేతే నాటికలు వేయించి, బాధ వస్తే ఏం చేయాలి, స్నేహితుడికి వస్తే ఎవరికి చెప్పాలి అని వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేట్టు చేశారు. ఏడాది తర్వాత చూస్తే ఈ మూడో పద్ధతిలో మాత్రమే ఆత్మహత్యా ప్రయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. అలాగని బడిలో ఏది పెట్టినా మేలే అనుకోకండి. బ్రిటన్‌లో 85 బళ్లలో ధ్యానం లాంటి తరగతులు పెట్టి పరీక్షిస్తే, 2022లో వచ్చిన ఫలితాల్లో, మామూలు తరగతుల కన్నా మెరుగేమీ కనబడలేదు.

ఇదెందుకు చెబుతున్నానంటే, ప్రతి ఏడూ పరీక్షలకు ముందు మోటివేషనల్ స్పీకర్‌ని పిలిపించి, ఫ్లెక్సీ కట్టి, ఫొటో దిగే అలవాటు ఈ నగరంలో చాలా సంఘాలకు ఉంది. గట్టిగా అరిచి, కలలు కనండి అని వెళ్లిపోతాడు. బాగా ఉన్న పిల్లలకు ఆ రోజు బాగుంటుంది. నిద్రలేని పిల్లవాడికి మాత్రం నాకు ఆ కలలు కూడా రావడం లేదే అనిపిస్తుంది. ఆ డబ్బు మిగల్చండి.

బస్తీ స్థాయిలో జరిగిన పని మనకు దగ్గరలోనే ఉంది. విజయవాడ మురికివాడల్లో, ఢిల్లీలో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల కోసం ఆర్టెమిస్ అనే కార్యక్రమం నడిపారు. ఆశా వర్కర్ల ద్వారా పిల్లల్ని గుర్తించడం, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపడం, దానికన్నా ముందు నాటికలతో, వీడియోలతో, ఈ బాధ పడి బయటపడినవాళ్ల మాటలతో సిగ్గు పోగొట్టడం. సిగ్గు పోతేగాని ఎవరూ తలుపు తెరవరు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. మగపిల్లవాడి బాధ కోపంగానో గాంజాగానో బయటికి వస్తుంది, నలుగురూ చూస్తారు. ఆడపిల్లకు తలనొప్పి వస్తుంది, కడుపునొప్పి వస్తుంది, కళ్లు తిరిగి పడిపోతుంది. రక్తపరీక్షలన్నీ బాగుంటాయి. పిల్లకు సంబంధం చెడిపోతుందని ఆ ఇంట్లో మాట ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. మీ సంస్థ కుట్టు కేంద్రానికి వచ్చే తల్లులు ఒకరితో ఒకరు అన్నీ చెప్పుకుంటారు, ఇదొక్కటి తప్ప. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

చట్టం భయం కూడా కొన్ని ఇళ్లలో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని దాచిపెడతారు, రెండోసారి ప్రమాదం పెరుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలో లేదు. దయచేసి ఈ మాట మీ బస్తీల్లో చెప్పండి. ఇంకొకటి. చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లవాణ్ణి సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారు అని బరువు దిగుతుంది. నేను ఈ మాట నేర్చుకున్నది రిటైరయ్యాక. ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోతే తండ్రి కోర్టుకు వెళ్లారు. 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు పెట్టారు. వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టకూడదు, నలుగురిలో సిగ్గుపరచకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ కేంద్రాల నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో కనబడేలా రాయాలి. నేను గత నెల ఈ చుట్టుపక్కల కొన్ని చిన్న బడ్జెట్ స్కూళ్లకు వెళ్లాను. ఫీజు బకాయిల జాబితా గోడమీద కనబడింది. నంబరు కనబడలేదు. వాళ్లనేం అనను, నెలాఖరుకి టీచర్ల జీతాలకే వెతుక్కునే యాజమాన్యాలు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

నేను అడిగేది ఇది. డిగ్రీ చదివి, ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడగల ఇద్దరు ఈ బస్తీల్లోంచే దొరుకుతారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. మూడు నెలలు శిక్షణ ఇప్పించండి. తలా నాలుగు బళ్లు. వారానికి ఒకసారి వాళ్లు ఒక మానసిక వైద్యుడి ముందు కూర్చుని తమ కేసులు చెప్పాలి, ఇది లేకపోతే వద్దే వద్దు. మందు అవసరమైన పిల్లవాణ్ణి కబుర్లతో నయం చేస్తామనుకోవడం ఇంకో ప్రమాదం. నెలకు 18,000 చొప్పున ఇస్తే ఒక్కొక్కరికి ఏడాదికి 2,16,000 రూపాయలు. ఇద్దరికి 4,32,000. సేవాభావంతో ఉచితంగా చేసేవాళ్లు దొరుకుతారు కదా అని ఒక పెద్దాయన ఇందాక టీ దగ్గర అన్నారు. దొరుకుతారు. పెళ్లిళ్ల సీజన్లో రారు. పిల్లవాడు ఒకసారి నోరు విప్పాక, తర్వాతి మంగళవారం ఆ మనిషి కుర్చీలో లేకపోతే మళ్లీ ఎవరికీ చెప్పడు. జీతం ఇచ్చే పెట్టండి. ఈ ఖర్చు జకాత్‌లోంచి ఇవ్వవచ్చా, సదకాలోంచే ఇవ్వాలా అన్నది నాకు తెలిసిన విషయం కాదు, ఉలమాలను అడగండి.

చివరిగా డబ్బు ఖర్చుకాని సంగతి ఒకటుంది. ఇది మీకు నచ్చకపోవచ్చు. రెండేళ్లుగా మీ స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూడటంలో నేను సాయం చేస్తున్నాను. ఫారం వెనక ఒక నియమం ఉంది. ఏ ఒక్క సబ్జెక్టు తప్పినా తర్వాతి వాయిదా ఆగిపోతుంది. డబ్బు వృథా కాకూడదని పెద్దలు పెట్టారు, వాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లవాడి వైపునుంచి చూడండి. ఏప్రిల్లో ఫలితం వస్తుంది. ఇంట్లో ముఖాలు మాడిపోతాయి. బంధువులు ఫోన్లు చేస్తారు. మే నెలలో మన ఉత్తరం వెళ్తుంది, నీకు సాయం ఆపేశామని. అందరూ చేయి వదిలేసే వారంలోనే మనమూ వదిలేస్తున్నాం. చెన్నైలో 1986నుంచి స్నేహ అనే ఆత్మహత్యల నివారణ సంస్థ నడుపుతున్న డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, ఫెయిలైన పిల్లలకు ఏడాది పోకుండా వెంటనే మళ్లీ పరీక్ష పెట్టాలని ఎప్పటినుంచో వాదించారు. తమిళనాడులో వచ్చింది, మన దగ్గరా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ప్రభుత్వమే రెండో అవకాశం ఇస్తుంటే ధర్మసంస్థ ఇవ్వకపోతే ఎలా?

నియమం తిరగరాసి నా దగ్గర ఉంచుకున్నాను, అధ్యక్షులవారికి ఇస్తాను. సబ్జెక్టు తప్పితే వాయిదా ఆగదు. సప్లిమెంటరీ ఫీజు సంస్థే కడుతుంది. ఫలితాలు వచ్చిన మూడు రోజుల్లోపు సంస్థనుంచి ఒకరు ఆ ఇంటికి వెళ్లి, పిల్లవాడితో కలిసి టీ తాగి వస్తారు. ఉపదేశం అక్కర్లేదు. ఇంకోటి, వార్షికోత్సవంలో మొదటి ర్యాంకుల పిల్లలకే వేదిక మీద శాలువాలు కప్పడం కాస్త తగ్గించండి. ఇవాళ పొద్దున మీరు సన్మానించిన పన్నెండు మందిని చూసి నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ వెనక వరసల్లో నిలబడి చూస్తున్న పిల్లల ముఖాలు కూడా చూశాను.

ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లనూ సావనీర్ వెనక అట్టమీద, ప్రకటనల మధ్య ఇరికించకుండా, పెద్ద అక్షరాల్లో వేయమని సంపాదకులను కోరాను. ఒప్పుకున్నారు.

బట్టలకొట్టు పిల్లవాడి సంగతి అడుగుతారని తెలుసు. ఆ ఏడు పది తప్పాడు. ఏడాదిన్నర మందులు వాడాడు. తర్వాత ఓపెన్ స్కూల్లో కట్టి పాసయ్యాడు. ఇప్పుడు అబిడ్స్‌లో సొంతంగా మొబైల్ రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. నా ఫోను వాడే బాగుచేస్తాడు, డబ్బులు మాత్రం తీసుకుంటాడు. మౌల్వీసాబ్ పోయిన రోజు జనాజా ఎన్నింటికో నాకు ఫోన్ చేసి చెప్పింది వాడే.

నియమం కాగితం ఇదుగో. కార్యవర్గం సమావేశం వచ్చే ఆదివారం అని విన్నాను. ఖుదా హాఫిజ్.